తోటల తపస్వి విలియం రాక్స్‌బర్గ్

అనంతపురం అనగానే ఎవరికైనా మొదట స్ఫురించే మాట కరువు. నైరుతి మేఘాలను పడమటి కనుమలు అడ్డగిస్తాయి. ఈశాన్య ఋతుపవనం తన సంపదను చాలావరకు సముద్రతీరంలోనే కురిపించివేస్తుంది. ఈ రెండింటి నడుమ ఎవరికీ చెందని బిడ్డవలె మిగిలిపోయిన మెరకనేల మన పీఠభూమి. ఇక్కడ ఏడాదికి కురిసే సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. అదైనా వేళకు రాదు. 1876 నాటి ధాత కరువును గురించి తాతలు చెప్పగా విన్నవారు మొన్నమొన్నటి వరకు మన పల్లెల్లో ఉండేవారు.

ఇటువంటి నేలమీద కూడా కొన్ని ఊళ్లలో ఒక వింత కనిపిస్తుంది. పాత మట్టిమిద్దె ముంగిట, ప్రహరీగోడను ఆనుకొని, ఎన్నో ఏళ్ల క్రితం ఎవరో నాటిన గులాబితీగ ఒకటి మిద్దెమీదికి ప్రాకి ఉంటుంది. దానికి ప్రత్యేకమైన పోషణ లేదు. అంట్లు తోమిన నీళ్లో, కాళ్లు కడిగిన నీళ్లో దాని పాదులోనికి పారుతుంటాయి. అయినా సంక్రాంతి వేళకు అది గుత్తులు గుత్తులుగా లేత ఎరుపు పూలను పూస్తుంది. పట్నంలో వెల పోసి కొనితెచ్చిన గులాబిమొక్క ఒక్క వేసవికే మాడిపోతుండగా, ఈ ముసలితీగ మూడుతరాల ఎండను ఎలా తట్టుకొన్నది? ఈ ప్రశ్నకు సమాధానం వెదుకుతూ పోతే మనకు ఒక మహనీయుని జీవితం ఎదురవుతుంది. ఆయన పేరు విలియం రాక్స్‌బర్గ్. భారతీయ వృక్షశాస్త్ర పితామహుడని లోకం కీర్తించే ఈ స్కాట్లండు దేశీయుడు తన జీవితంలో పన్నెండేళ్లు తెలుగు నేలమీద గడిపాడు. ఆ పన్నెండేళ్లలోనే ఆయన అసలైన విద్య నేర్చుకొన్నాడు.

గులాబి మన ప్రాంతానికి కొత్త పువ్వు కాదు. 1443లో విజయనగరాన్ని దర్శించిన పారశీక రాయబారి అబ్దుల్ రజాక్, ఆ నగరవాసులు గులాబిని అన్నంతో సమానమైన అవసరంగా భావించడం చూచి ఆశ్చర్యపడ్డాడు. మన పెనుగొండ ఆ సామ్రాజ్యానికి ముఖ్యమైన దుర్గమే కాక, కొంతకాలం రాజధానిగా కూడా విలసిల్లింది. కాని ఏడాది పొడవునా పూస్తూ గోడలకు, పందిళ్లకు అల్లుకొనే నేటి తీగగులాబుల వంశం వేరు. ఆ వంశానికి మూలం చీనా దేశం. చీనా నుంచి ఆ గులాబులు ప్రపంచానికి వ్యాపించిన దారిలో కలకత్తా ఒక ప్రధానమైన మజిలీ. ఆ మజిలీలోని మహోద్యానానికి ఇరవై ఏళ్లపాటు అధిపతిగా ఉన్నవాడు రాక్స్‌బర్గ్.

రాక్స్‌బర్గ్ 1751లో స్కాట్లండులోని ఎయిర్‌షైర్ ప్రాంతంలో జన్మించాడు. ఎడింబరో విశ్వవిద్యాలయంలో వైద్యం అభ్యసించాడు. ఆ కాలంలో వైద్యునికి మూలికాజ్ఞానం తప్పనిసరి. అక్కడ వృక్షశాస్త్రం బోధించే ఆచార్య జాన్ హోప్ శిష్యులను తరగతి గదికే పరిమితం చేయక తోటలో నిలబెట్టి పాఠం చెప్పేవాడు. మొక్కను పుస్తకంలో కాక నేలమీద చదవాలన్న బుద్ధి రాక్స్‌బర్గ్‌కు అక్కడే అలవడింది. యౌవనంలో ఈస్టిండియా కంపెనీ ఓడలలో వైద్యసహాయకునిగా సముద్రయానాలు చేసి, 1776లో మద్రాసు వైద్యశాఖలో ఉద్యోగిగా చేరాడు.

మద్రాసులో ఆయన చేసిన మొదటి పని వినడానికి సామాన్యమైనది. సెయింట్ జార్జి కోటలో ప్రతిదినం గాలి, వాన, ఎండ, ఉష్ణోగ్రతల వివరాలు వ్రాసిపెట్టుకొన్నాడు. లండనులోని రాయల్ సొసైటీ తన పత్రికలో 1778లోను, 1780లోను ఆ దినచర్యను ప్రచురించింది. కొత్త దేశానికి వచ్చిన యువకుడు ముందుగా ఆ దేశపు ఆకాశాన్ని పరిశీలించడం గమనింపదగిన విషయం. ఒక నేలలో ఏ మొక్క బ్రతుకుతుందో నిర్ణయించేది మన ఇష్టం కాదు, ఆ నేలమీది ఆకాశం. ఈ సత్యాన్ని ఆయన తొలిదినాలలోనే గ్రహించాడు.

దక్షిణదేశంలోనే ఆయనకు కోనిగ్ అనే విద్వాంసునితో మైత్రి ఏర్పడింది. కోనిగ్ జగత్ప్రసిద్ధుడైన లిన్నేయస్ శిష్యుడు. తరంగంబాడిలోని డేనిష్ మిషనుకు వైద్యునిగా వచ్చి, మన మొక్కల అధ్యయనానికి జీవితాన్ని ధారపోసినవాడు. ప్రతి మొక్కకు రెండు మాటల శాస్త్రీయనామం ఇచ్చే పద్ధతిలో రాక్స్‌బర్గ్ నిష్ణాతుడు కావడానికి ఈ స్నేహం ఎంతగానో తోడ్పడింది. 1785లో కాకినాడ చెంతనున్న జగన్నాథపురంలో కోనిగ్ రోగగ్రస్తుడై మరణించినప్పుడు దగ్గరుండి వైద్యం చేసినవాడు రాక్స్‌బర్గే.

1781లో రాక్స్‌బర్గ్ సామర్లకోటకు చేరాడు. అక్కడి సైనికస్థావరానికి వైద్యుడు ఆయన. వైద్యవిధులు ముగిసిన తరువాత మిగిలిన కాలమంతా మొక్కలదే. ఆయన అక్కడ ఒక తోటను పెంచాడు. రాజమహేంద్రవరం కొండలలో సహజంగా పెరిగే మిరియపు తీగను కనుగొని తోటలో సాగుచేయించాడు. చెరకు, నీలి, కాఫీ, దాల్చినచెక్క, పట్టుపురుగులకు మల్బరీ మొదలైన వాటిమీద ప్రయోగాలు చేశాడు. ఇందులో కంపెనీవారికి ఉన్న ఆసక్తి లాభాపేక్ష. ఆ సంగతి మనం దాచవలసిన పని లేదు. ఏ మొక్క ఎంత ధర పలుకుతుందన్నదే వారి లెక్క. కాని రాక్స్‌బర్గ్ దృష్టి ఆ లెక్కతో ఆగలేదు. దారిప్రక్కన గడ్డిపోచను సైతం ఆయన వదలలేదు.

మొక్క కనబడితే ఆయన వేసే ప్రశ్నలు మూడు. ఇది ఎటువంటి నేలలో పెరుగుతుంది? ఏ కాలంలో పూస్తుంది? ఇక్కడివారు దీనిని ఏమని పిలుస్తారు, దేనికి వాడుకుంటారు? ఈ మూడవ ప్రశ్నకు జవాబు చెప్పగలిగినవారు రైతులు, పశువుల కాపరులు, నాటువైద్యులు. అందుచేత ఆయన గ్రంథాలలో లాటిన్ నామాల ప్రక్కనే తెలుగు నామాలు వరుసగా దర్శనమిస్తాయి. సోమిద చెట్టు బెరడు జ్వరానికి మందు అని మనవారికి తెలిసిన విషయాన్ని ఆయన పరీక్షించి, దానిమీద ప్రత్యేకంగా ఒక రచన చేశాడు. తరువాతి శాస్త్రజ్ఞులు ఆ చెట్టుకు సోయ్‌మిడా అనే పేరు పెట్టారు. ఒక తెలుగు పల్లెమాట ఆ విధంగా ప్రపంచ శాస్త్రభాషలో శాశ్వతస్థానం సంపాదించింది. తాళపత్రాలలో జీర్ణిస్తున్న మన కావ్యాలను బ్రౌన్ దొర ఉద్ధరించాడని చెప్పుకొంటాం. మన అడవులలోని చెట్ల పేర్లను ఆయనకంటె ఒక తరం ముందు అక్షరబద్ధం చేసినవాడు రాక్స్‌బర్గ్.

ఆ పని నిర్విఘ్నంగా సాగలేదు. 1787 మే నెలలో కోరంగి తీరాన్ని ఘోరమైన ఉప్పెన ముంచివేసింది. వేలకొలది జనం నశించారు. ఎన్నో ఏళ్లుగా సేకరించి, ఎండబెట్టి, పేర్లు వ్రాసి భద్రపరచిన రాక్స్‌బర్గ్ మొక్కలు, పుస్తకాలు, కాగితాలు ఆ నీటిపాలయ్యాయి. అప్పటికి ఆయన వయస్సు సుమారు ముప్పది ఆరు. మరొకరైతే విధిని నిందిస్తూ ఆ వ్యాసంగాన్నే విడిచిపెట్టేవారు. ఆయన మొదటి మొక్కనుంచి మళ్లీ ప్రారంభించాడు.

ఉప్పెన వెనువెంటనే దానికి పూర్తిగా విరుద్ధమైన విపత్తు వచ్చింది. 1789 మొదలు వరుసగా వానలు తప్పాయి. ఉత్తర సర్కారులను, దక్కనును పీడించిన ఆ క్షామాన్ని చరిత్రకారులు పుర్రెల కరువు అన్నారు. శవాలను పూడ్చే దిక్కులేక పుర్రెలు బయళ్లలో పడి ఉండేవట. రాక్స్‌బర్గ్ ఆ దృశ్యాలను కన్నులారా చూచాడు. మందు ఇచ్చి రోగాన్ని నయంచేయగల వైద్యుడు ఆకలిముందు నిస్సహాయుడై నిలిచాడు. ఆయన పూర్వపు కరువులను గురించి స్థానికులను విచారించాడు. తన వాన లెక్కలను ముందు పెట్టుకొని ఆలోచించాడు. కరువు దైవఘటన అని వదలివేయక, అది మళ్లీ వస్తుందని, దానికి ముందుగా సిద్ధపడాలని అధికారులకు వ్రాశాడు.

ఆయన సూచించిన ఉపాయం సులభమైనది. ఒక్క వరిపంటమీదనే బ్రతుకు నిలుపుకొన్న దేశానికి ఒక్క వాన తప్పితే దిక్కుండదు. కాబట్టి గట్లమీద, ఊళ్లచుట్టూ కొబ్బరి, పనస, సీమపనస, అరటి వంటివి విరివిగా నాటించాలి. లోతుకు వేరుదన్నిన చెట్టు ఒక ఏడాది వాన తప్పినా ఏదో కొంత ఫలం ఇస్తుంది. ఆ కొంతే ప్రాణాలను నిలుపుతుంది. రెండువందల ఏళ్లకు పూర్వం ఆయన చెప్పిన ఈ మాటనే, వేరుశనగ ఒక్కదానినే నమ్ముకొని పలుమార్లు నష్టపోయిన మన జిల్లా రైతులు పండ్లతోటలవైపు మళ్లి, స్వానుభవంతో తెలుసుకొన్నారు.

1790 ప్రాంతంలో కంపెనీ ఆయనను కర్ణాటక ప్రాంతపు వృక్షశాస్త్రజ్ఞునిగా నియమించింది. అప్పటికే ఆయన దేశీయ చిత్రకారులను నియమించి, మొక్కల చిత్రాలను సహజప్రమాణంలో వ్రాయించసాగాడు. ఆకు, పువ్వు, కాయ, గింజ, కేసరం, ఏ ఒక్కటీ విడువక రంగులలో చిత్రించేవారు. ఆ చిత్రాలు లండను చేరగా, సర్ జోసెఫ్ బ్యాంక్స్ పర్యవేక్షణలో 1795 నుంచి 1820 వరకు మూడు మహాసంపుటాలుగా కోరమండల్ తీరపు మొక్కలు అనే గ్రంథం వెలువడింది. అందులో మూడువందల చిత్రఫలకాలు ఉన్నాయి. మన గుట్టలమీద ఫాల్గుణంలో నిప్పులు కురిపించే మోదుగ అందులో ఉన్నది. రాయలసీమ మెట్టఅడవులలో రాళ్లసందున నిలబడి కరువును ఎదిరించే ఏపి చెట్టుకు శాస్త్రలోకంలో పేరు పెట్టినదీ ఆయనే. అయితే ఆ చిత్రాలను వ్రాసిన కళాకారులలో చాలామంది పేర్లు ఆ గ్రంథంలో నమోదు కాలేదు. గ్రంథం చేతిలోకి తీసుకొన్నప్పుడు ఆ అజ్ఞాత హస్తాలను కూడా స్మరించడం మన ధర్మం.

1793లో కలకత్తా వృక్షోద్యాన స్థాపకుడు కర్నల్ కిడ్ మరణించాడు. ఆయన స్థానంలో రాక్స్‌బర్గ్ నియమితుడై సామర్లకోట విడిచి వెళ్లాడు. ఇక్కడి తోటను ఆ తరువాత బెంజమిన్ హైన్ అనే జర్మను విద్వాంసుడు చూచాడు. ఈ హైన్ 1800లో బెంగుళూరు చేరి, హైదర్, టిప్పులు పెంచిన లాల్‌బాగ్ బాధ్యతను వహించాడు. అదే సంవత్సరం మన అనంతపురం సీమతో కూడిన దత్తమండలాలు కంపెనీ వశమయ్యాయి. సామర్లకోటలో మొదలైన ఉద్యానవిద్య ఈ విధంగా ఒకవైపు గంగాతీరానికి, మరొకవైపు మన పీఠభూమి పొరుగుకు విస్తరించింది.

హుగ్లీ నది ఒడ్డున శిబ్‌పూర్‌లో ఉన్న ఆ ఉద్యానం 1787లో స్థాపితమైనది. రాక్స్‌బర్గ్ చేతిలో అది ప్రపంచ ప్రసిద్ధమైంది. ఆయన అక్కడ టేకు పెంచాడు. నారనిచ్చే మొక్కలను పరీక్షించాడు. జనపనారకు ఇంగ్లీషులో నేడు వాడే జూట్ అనే పేరును 1790లలో వ్రాతలోనికి తెచ్చినది ఆయనే. ఇవన్నీ కంపెనీ కోరిన పనులు. కోరనివి కూడా ఆయన కొన్ని చేశాడు. వాటిలో గులాబుల సేకరణ ఒకటి.

అసలు గులాబుల కథలోని చిక్కు ఇక్కడ తెలుసుకోవాలి. ఆనాడు ఐరోపాలో పెరిగే గులాబులు చాలావరకు ఏడాదికి ఒక్కసారే, చలికాలం గడిచిన తరువాత, కొద్దివారాలపాటు పూసేవి. చలినిద్ర వాటి స్వభావం. చలి లేని దేశంలో నాటితే అవి ఆకులు వేస్తాయే కాని సరిగా పూయవు. ఎండకు కృశించి రోగాలపాలవుతాయి. చీనా గులాబులు అలా కావు. చీనా తోటమాలులు శతాబ్దాలుగా పెంచుకొన్న ఆ జాతులు అన్ని ఋతువులలోనూ పూస్తాయి. పూతను అదుపుచేసే ఒక జన్యువు వాటిలో పనిచేయకపోవడమే ఈ నిత్యపుష్పత్వానికి కారణమని నేటి శాస్త్రజ్ఞులు నిరూపించారు. వేడిమిని తట్టుకొనే గుణం కూడా వాటికి పుట్టుకతో వచ్చింది.

చీనాలోని కాంటన్ రేవునుంచి ఇంగ్లండు చేరాలంటే ఓడకు నెలలు పట్టేది. ఉప్పుగాలికి, మంచినీటి కొరతకు కుండీలలోని మొక్కలు దారిలోనే చచ్చిపోయేవి. కలకత్తా తోట అటువంటి వాటికి విడిది అయింది. అక్కడ వాటిని నేలలో నాటి, కోలుకొన్న తరువాత మళ్లీ ప్రయాణం కట్టించేవారు. 1792 మొదలు 1824 వరకు నాలుగు ముఖ్యమైన చీనా గులాబులు ఇంగ్లండు చేరాయి. నేటి తోట గులాబులలో చాలావాటికి ఆ నాలుగూ పూర్వీకులు. వాటి జన్మభూమి చీనా అయినా, ఫ్రెంచివారు చాలాకాలం ఆ జాతిని బెంగాల్ గులాబి అనే పిలిచారు. నడుమ మజిలీ ఇచ్చిన ఊరి పేరు పువ్వుకు స్థిరపడిపోయింది.

రాక్స్‌బర్గ్ తోటలోని గులాబులలో రెండింటిని మనం ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఒకటి కాంటన్‌నుంచి వచ్చిన పొద. చింతాకును తలపించే చిన్నచిన్న ఆకులు దానికి. పూమొగ్గ అడుగున ఉమ్మెత్తకాయవలె ముళ్లు ఉంటాయి. చిన్న ఆకుల గులాబి అనే అర్థంలో ఆయన దానికి మైక్రోఫిల్లా అని పేరుపెట్టాడు. రెండవది బెంగాలు పల్లపు భూములలో సహజంగా పెరిగే తెల్లపూల అడవిగులాబి. వానకాలమంతా నీటిలో నిలిచి ఉన్నా అది కుళ్లదు, వేసవిలో నిప్పులు చెరిగినా వాడదు. అందమైన దొరల గులాబుల నడుమ ఈ అడవిమొక్కను ఎవరూ గౌరవించని రోజులలో, ఆయన దానిని తోటలో పెంచి, ఇన్‌వలూక్రేటా అనే పేరుతో వర్ణించాడు. దానినే నేడు క్లైనోఫిల్లా అంటున్నారు. ఉష్ణదేశపు గులాబికి మూలపురుషుడు కాదగిన మొక్క అది అని గుర్తించడానికి లోకానికి మరొక నూటయేభై ఏళ్లకు పైగా పట్టింది.

తీగగులాబి కథ ఇక్కడినుంచి సముద్రాలు దాటుతుంది. పందొమ్మిదవ శతాబ్దపు తొలి దశకాలలో అమెరికాలోని చార్లెస్టన్ నగరం దగ్గర చాంప్నీస్ అనే వరిసాగు భూస్వామి తోటలో ఒక చీనా గులాబికి, కస్తూరి గులాబికి సంకరంగా కొత్త తీగ పుట్టింది. కస్తూరి గులాబినుంచి ప్రాకే గుణం, సువాసన వచ్చాయి. చీనా గులాబినుంచి మళ్లీమళ్లీ పూసే గుణం వచ్చింది. ఫిలిప్ న్వాజెట్ అనే తోటమాలి దాని సంతతిని పారిస్‌లోని తన సోదరునికి పంపగా, ఆ వంశానికి న్వాజెట్ గులాబులు అనే పేరు స్థిరపడింది. చార్లెస్టన్ ఉక్కపోతకు ప్రసిద్ధమైన ఊరు. వేడినేలలో పుట్టిన ఆ తీగకు వేడి అంటే భయం లేదు. 1864లో వెలువడిన పసుపురంగు మార్షల్ నీల్ ఈ వంశపుదే. ఇటువంటి తీగలు మళ్లీ సముద్రం దాటి మన దేశపు బంగళాల వసారాలకు, ఆ పిమ్మట సామాన్యుల ముంగిళ్లకు చేరాయి.

కలకత్తా నీరు, అవిశ్రాంతమైన శ్రమ రాక్స్‌బర్గ్ ఆరోగ్యాన్ని దెబ్బతీశాయి. మధ్యలో స్వస్థత కోసం దక్షిణాఫ్రికాలోని కేప్ ప్రాంతానికి వెళ్లాడు. అక్కడ కూడా మొక్కలనే ఏరుకొన్నాడు. చివరకు 1813లో కలకత్తా విడిచి, సెయింట్ హెలీనా దీవిలో కొంతకాలం ఆగి, అక్కడి మొక్కల పట్టికను కూడా తయారుచేసి, స్వదేశం చేరాడు. 1815లో ఎడింబరో నగరంలో కన్నుమూశాడు. తన జీవితకృషికి ఫలమైన మహాగ్రంథం ఫ్లోరా ఇండికా అచ్చయి చేతికి రాగా చూచుకొనే భాగ్యం ఆయనకు కలగలేదు.

ఆ లోటును తీర్చినవాడు ఆయన మిత్రుడు విలియం కేరీ. శ్రీరాంపురం ముద్రాలయాన్ని నడిపిన ఈ మతప్రచారకుడు మొక్కలనూ, భాషలనూ సమానంగా ప్రేమించాడు. రాక్స్‌బర్గ్ పెంచిన సుమారు 3,500 మొక్కల పట్టికను 1814లో ఆయన అచ్చువేశాడు. కేరీ రచించిన తెలుగు వ్యాకరణం కూడా అదే శ్రీరాంపురంలో, అదే 1814లో వెలువడింది. ఫ్లోరా ఇండికా 1820లో వెలువడడం ప్రారంభమై, 1832లో సంపూర్ణంగా మూడు సంపుటాలలో ప్రకటితమైంది. ఆయన వ్రాయించిన రెండున్నర వేలకు పైబడిన చిత్రాలు నేటికీ శాస్త్రజ్ఞులకు ఆధారాలు. 1823లో ట్రాటినిక్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త ఆ ఉమ్మెత్తముళ్ల చిన్న ఆకుల గులాబికి రోజా రాక్స్‌బర్గై అని పేరు పెట్టాడు. పదవిలో ఉన్నవానికి ఇచ్చే బిరుదుకు స్వార్థం అంటవచ్చు. చనిపోయి ఎనిమిదేళ్లయిన వానికి ఒక పువ్వు పేరు కానుకగా ఇవ్వడంలో కృతజ్ఞత తప్ప మరేమీ ఉండదు.

ఆయన వర్ణించిన అడవిగులాబి కథకు మన రాష్ట్రంతో మరొక ముడి ఉన్నది. ఆంధ్రప్రదేశ్‌లో ఐ.ఎ.ఎస్. అధికారిగా పనిచేసిన ఎం.ఎస్. వీరరాఘవన్ ఆ పదవి వదలుకొని కొడైకెనాల్ కొండలమీద గులాబుల సంకరణకు పూనుకొన్నాడు. చలిదేశపు గులాబులను ఎండదేశంలో బ్రతిమాలి పెంచడం కంటె, ఎండదేశంలో పుట్టిన గులాబులనుంచే కొత్త వంశాన్ని సృష్టించడం మేలని ఆయన తలచాడు. అందుకు ఎన్నుకొన్నవి రెండు. ఒకటి రాక్స్‌బర్గ్ పెంచిన క్లైనోఫిల్లా. మరొకటి 1882లో మణిపూర్ కొండలలో జార్జి వాట్ కనుగొన్న, మహావృక్షాల కొనలదాకా ప్రాకే జైగాంటియా. రాక్స్‌బర్గ్ నాటిన ఆలోచన రెండు శతాబ్దాల తరువాత ఆ విధంగా చిగురించింది.

ఇప్పుడు మన ముంగిటి గులాబితీగ దగ్గరకు తిరిగివద్దాం. అది ఎండను ఎలా తట్టుకొన్నదన్న ప్రశ్నకు సమాధానం దొరికింది. దానిది చలిదేశపు వంశం కాదు. చీనా వెచ్చదనం దాని నరాలలో ఉన్నది. అయితే వంశం ఒక్కటే చాలదు. నాటిన చెయ్యి కూడా తెలివిగలదై ఉండాలి. ఆ ఇంటి పెద్దలు దానిని తూర్పుగోడకు నాటారు. ఉదయపు ఎండ తగిలి, మధ్యాహ్నపు ఎండకు గోడ అడ్డు నిలుస్తుంది. పడమటి గోడ వేసవిలో పెనంవలె కాలి లేత చిగుళ్లను మాడ్చివేస్తుంది. రెండు మూడు అడుగుల గొయ్యి త్రవ్వి, మాగిన పశువుల ఎరువు కలిపి, ఆశ్వయుజంలో వానలు పడేవేళ నాటితే వేసవి వచ్చేలోగా వేరు లోతుకు పోతుంది. దినదినం పైపైన చిలకరించే నీటికన్న, వారానికి ఒకటి రెండుసార్లు పాదునిండా పోసే నీరు మేలు. వేరు నీటిని వెదుకుతూ క్రిందికి దిగుతుంది. పాదులో వేరుశనగ పొట్టు పరిస్తే తేమ ఆరిపోదు. ఈ జాతికి కత్తెర ఎక్కువ పనికిరాదు. ఎండుకొమ్మలను తీసివేసి, పొడుగాటి కొమ్మలను అడ్డంగా వంచి పందిరికి కట్టితే, నిటారుగా నిలిచిన కొమ్మ ఒక్క కొనలో పూసేచోట, వంగిన కొమ్మ కణుపుకణుపునా పూస్తుంది.

రాక్స్‌బర్గ్ జీవితం మనకు నేర్పే పాఠం ఇదే. ఆయన నేలను శాసించలేదు, అడిగి తెలుసుకొన్నాడు. ముందు ఆకాశాన్ని చూచాడు, తరువాత మట్టిని చూచాడు, ఆ మట్టిమీద బ్రతికే మనుషుల మాట విన్నాడు, ఆ తరువాతనే మొక్క నాటాడు. ఉప్పెన సర్వస్వాన్ని ఊడ్చుకొనిపోయినప్పుడు మళ్లీ మొదలుపెట్టాడు. కరువు వచ్చినప్పుడు రాబోయే కరువును గురించి ఆలోచించాడు. విదేశీ కంపెనీకి ఉద్యోగి అయినా, ఆయన మిగిల్చిపోయిన జ్ఞానం ఈ దేశపు సొత్తయింది.

విద్యార్థులు తమ ఊరిలో అటువంటి పాత గులాబితీగ ఏదైనా ఉంటే, దాని క్రింద ఒక్కసారి నిలబడి, దానిని నాటినవారెవరో ఆ ఇంటివారిని అడిగి తెలుసుకోవాలి. ఒక పచ్చి కొమ్మను అడిగి తెచ్చుకొని తడిమట్టిలో గుచ్చి, నీడపట్టున కాపాడితే కొద్దివారాలలో అది వేరుపోసుకొంటుంది. కరువుసీమలో ఒక్క మొక్కను బ్రతికించడం చిన్నపని కాదు. ఆ మొక్క తొలిపువ్వు పూసిననాడు, సామర్లకోట తోటలో రైతును ప్రక్కన నిలబెట్టుకొని ఆకు పేరు అడిగి వ్రాసుకొంటున్న ఒక వైద్యుడు మన మనస్సులో మెదలితే, ఆ మహనీయునికి మనం అర్పించగలిగిన నివాళి అదే.